బద్ధకపు అచ్చు

ముందు గది నిశ్శబ్దాన్ని పట్టుకోవాలి, ఎవరూ కదలకండి, అన్నాడు అద్దానికి అవతల కన్సోలు ముందు కూర్చున్న రికార్డింగ్ అన్నయ్య. మాట నేరుగా నా హెడ్‌ఫోన్లలోకి వచ్చి పడింది. అంటే నేనిప్పుడు చేతిలో కాగితం కదపకూడదు, కుర్చీలో సర్దుకోకూడదు, గుటక మింగకూడదు. ఖాళీ గది చేసే శబ్దమంటూ ఒకటుంటుంది, దాన్ని కాస్త పట్టి దాచుకుంటే తర్వాత పదానికీ పదానికీ మధ్య అతుకు వేసుకోవచ్చు, ఈ పనిలో అన్నిటికంటే ముందు రికార్డయ్యేది మౌనమే. మౌనం సంగతి నన్నడగండి. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి నేను మింగింది అదే. గొంతు డాక్టరు మర్యాదస్తుడు, మాట్లాడకండి అన్నాడు, తలూపాను, గుసగుసలాడినా ఒప్పుకోను, గుసగుస ఇంకా చెడ్డది అన్నాడు, దానికీ తలూపాను, దగ్గొచ్చినా గొంతు సవరించుకోవాలనిపించినా నీళ్ళు తాగండి అన్నాడు. మరి కోపమొస్తే? అని కాగితం మీద రాసి చూపించాను. ఆయన మా ఆయన వైపు చూసి నవ్వాడు. మా ఆయన ఆ నవ్వుని ఇంటికి మోసుకొచ్చి చుట్టాలందరికీ ఫోన్లు చేసి పంచిపెట్టాడు, పెళ్ళయిన ఇన్నేళ్ళకి మా ఇంట్లో నా మాట చెల్లుతోందండీ అని. నేను పక్కనే ఉండి అంతా వింటూ గరిటె పట్టుకుని నిలబడ్డాను, ఏం చెయ్యను.

సరే, చాలు, అన్నాడు అన్నయ్య. ఇప్పుడు పాతది వినిపిస్తాను చెల్లెమ్మా, విని దాని పక్కన కూర్చున్నట్టు చెప్పు. పాతది అంటే ఎవరో కాదు, నేనే. లేబుల్, లాడర్, లెమన్, లగిజ్, అంటోంది చెవుల్లో ఒకామె, తేటగా, ఎక్కడా మరక లేకుండా, ప్రతి పదాన్నీ మూడుసార్లు, ఒకసారి మొత్తంగా, ఒకసారి సిలబుల్‌కీ సిలబుల్‌కీ మధ్య ఆగి, మళ్ళీ మొత్తంగా. లె-మన్. ల-గిజ్. లగేజి కాదు, చూశారా, చివర్న నోరు తెరవకుండానే ముగించింది. ఎంత ధీమా ఆ గొంతులో. ఈగైనా వాలని గొంతు. రేపు కూడా ఇలాగే ఉంటానని పూచీకత్తు ఎవరిచ్చారే నీకు, అని అడగాలనిపించింది. ఇప్పుడు నా నోట్లోంచి వచ్చేది వేరు, కిందకి దిగిపోయింది, అడుగున ఇసుక చేరింది, పొద్దున్నే లేచినవాళ్ళు ఇంకా మొహం కడుక్కోకముందు మాట్లాడితే ఎలా ఉంటుందో రోజంతా అలా ఉంటుంది.

ఈ పని చిన్నదేం కాదు. పెద్దయ్యాక ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళుంటారు, లారీలు నడిపేవాళ్ళు, ఆసుపత్రి వార్డులు తుడిచేవాళ్ళు, గోడౌన్లలో పెట్టెలు మోసేవాళ్ళు, వాళ్ళకి రోజూ పనిలో తగిలే పదాల్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకే గొంతుతో చెప్పించి పెట్టాలని పాఠాలు చెప్పే సిలబుల్ మేడమ్ పట్టుదల. ఆవిడకో అసలు పేరుంది, గది తలుపు మీద రాసి కూడా ఉంటుంది, ఎవరూ పిలవరు. ఎ నుంచి ఎల్ దాకా చెప్పాను. ఎల్ ముగిసిన రోజు గొంతులో ఏదో అడ్డుపడింది, మంచినీళ్ళతో పోలేదు, డాక్టరు సన్నటి కెమెరా లోపలికి దింపి తెరమీద చూపించాడు, తెల్లటి రెండు పట్టీలు, ఒకదాని అంచున గింజంత బొడిపె. ఇన్నాళ్ళూ మాకు కూడు పెట్టింది ఆ రెండు పట్టీలా అని నోరెళ్ళబెట్టాను. ఎన్ని చోట్ల పెట్టాయో. బ్యాంకుకి ఫోన్ చేస్తే దయచేసి వేచి ఉండండి అనేది నేనే, ఆసుపత్రిలో టోకెన్ నంబరు పిలిచేది నేనే, లిఫ్టుల్లో తలుపులు మూసుకుంటున్నాయి అని హెచ్చరించేది నేనే. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఇంట్లోనూ నువ్వే, పనిలోనూ నువ్వే, మధ్యలో ఇరుక్కుపోయినా నువ్వే అంటాడు. మరి ఈ గంటలో తేలాల్సింది ఏమిటంటే, కొత్త గొంతు పాతదానితో కలిస్తే మిగతా సగం నాది. కలవకపోతే మొత్తం మొదటి నుంచి ఇంకో అమ్మాయితో చెప్పిస్తారు. మేడమ్ దాచలేదు. సగం ఒకరూ సగం ఒకరూ అయితే నేర్చుకునేవాళ్ళు తికమకపడతారమ్మా, ఏమనుకోకు, అంది. అనుకోవటానికేముంది, నేనైనా అదే అంటాను. కానీ ఇక్కడ కాదన్న గొంతుని లిఫ్టువాళ్ళు మాత్రం ఎందుకు ఔనంటారు.

ఎమ్. మొదటి పదం మెషీన్. నోటితో అనాల్సింది మ-షీన్. ఈ మొదటి సిలబుల్‌లో ఉన్నదాన్ని మేడమ్ బద్ధకపు అచ్చు అంటుంది. మన అ కాదు, ఆ కాదు, ఎ కాదు. నోరు ఏ పనీ చెయ్యనని మొరాయించి, నాలుక లేవనని పడుకున్నప్పుడు వచ్చే శబ్దం. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది అదే, అయినా దానికంటూ ఒక అక్షరం లేదు, ఒక పదంలో ఎ చాటున, ఇంకో పదంలో ఓ చాటున తలదాచుకుని బతికేస్తుంది. మనకి ఇది అంతుపట్టదు. మనం ప్రతి అక్షరానికీ సమానంగా వడ్డిస్తాం. వాళ్ళేమో పదంలో ఒక్క సిలబుల్‌కి పెద్దపీట వేసి మిగతావాటిని గుమ్మంలో నిలబెడతారు. పైగా మనకి ఏ మాటైనా అచ్చుతో ముగియాలి, లేకపోతే తలుపు వెయ్యకుండా వెళ్ళిపోయినట్టుంటుంది, అందుకే బస్ వచ్చి బస్సయింది, రోడ్ వచ్చి రోడ్డయింది. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నా, మైకు ముందున్న నల్లటి జల్లెడ దాటి పదం చివర్న ఆ చిన్న ఉకారం నాకు జారిపోతూనే ఉంటుంది. అన్నయ్యవి పాము చెవులు. తోక, అంటాడు. తోక వచ్చిందంటే పదం మళ్ళీ చెప్పాలి. మెషీన్, అన్నాను. తోక లేదు చెల్లెమ్మా, కానీ కిందకి ఉంది, కాస్త పైకి రా.

మెషీన్. ఈ పదాన్ని నాన్న ఎన్ని గోడల మీద రాశాడో. నాన్న బోర్డులు రాసేవాడు, ఇంగ్లీషు అక్షరాలు అచ్చుగుద్దినట్టు రాసేవాడు, చదవటానికి మాత్రం ఇంగ్లీషు ముక్క రాదు. కాగితం మీద గీసిచ్చినదాన్ని గోడ మీదికి ఎక్కించటమే, అన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు, ఎవరికీ పెద్దపీట లేదు. సాయంత్రం కిరసనాయిలుతో చేతుల రంగు వదిలించుకుంటూ, ఇవాళ రాసిందేంటమ్మా, అని వేలితో గాల్లో అక్షరాలు గీసి అడిగేవాడు. నేను బళ్ళో నేర్చుకున్న కాస్త విద్యతో కూడబలుక్కుని, మచినె, అని తేల్చేదాన్ని. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. మర్నాడు నాన్న ఆ కొట్టాయన దగ్గరికి వెళ్ళి, మీ మచినె బోర్డు ఆరిందండీ, అనేవాడు. మందుల షాపుకి చెమిస్టు అని పేరు పెట్టిన ఘనత కూడా నాదే, మా వీధి వీధంతా అదే పిలిచింది, పోనుపోను షాపు యజమాని కూడా వాదించే ఓపిక లేక తనని తాను చెమిస్టు అనుకోవటం మొదలుపెట్టాడు. తప్పో ఒప్పో, నేను గట్టిగా చెప్పేదాన్ని, ఎందుకంటే చెప్పగానే నాన్న మొహం వెలిగేది. అందరూ గొంతు దేవుడిచ్చాడంటారు. నాకు మాత్రం ఆ కిరసనాయిలు చేతులే ఇచ్చాయి. నాన్న ఇప్పుడు ఈ అద్దానికి అవతల ఉంటే పైకి ఉందో కిందకి ఉందో ఏమీ తెలియకుండానే బాగుందమ్మా అనేవాడు. మెషీన్, అన్నాను మళ్ళీ, కాస్త పైకి వెళ్ళి. ఊఁ, ఉంచుదాం, అన్నాడు అన్నయ్య, ఆయన ఉంచుదాం అన్నదానికి తీసేద్దాం అన్న అర్థం కూడా ఉంటుంది.

మార్కెట్ పోయింది. మ్యాచెస్ ఫరవాలేదు. మెషర్‌కి మూడుసార్లు వెళ్ళాను. మెడిసిన్. మె-డి-సిన్. మౌనం ముగిసిందన్నాక కూడా డాక్టరు నాకు పదాలివ్వలేదు, మాట కసరత్తు చేయించే ఆవిడ దగ్గరికి పంపాడు. ఆవిడ పెదాలు మూసుకుని మ్ అనమంది, ముక్కు దగ్గర కితకితలు పుట్టాలి, పుట్టాయా? పుట్టలేదు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ. గాలి. ఏడుపొచ్చింది, సరిగ్గా ఏడవటానికి కూడా గొంతు ఉండాలని అప్పుడే తెలిసింది, కన్నీళ్ళు కారుతున్నాయి గానీ ఏడుపు లేదు, టీవీ చప్పుడు తీసేసి చూస్తున్నట్టు. ఆవిడ కంగారుపడలేదు, ఏమీ చెయ్యకండి, పొద్దుటి నుంచీ నిలబడి పనిచేసి వచ్చి కుర్చీలో కూలబడతారే, అప్పుడు నోట్లోంచి వచ్చే చప్పుడు ఉంటుంది చూడండి, అది చాలు, అంది. భుజాలు వదిలేశాను. దవడ వదిలేశాను. ఏదో వచ్చింది. అ కాదు, ఆ కాదు, ఎ కాదు. అబ్బ అని అనబోయి అనలేనంత అలసట వేస్తే వచ్చేది. మేడమ్ బద్ధకపు అచ్చు అదే. బళ్ళో తెలుగు మాస్టారు అచ్చులు ప్రాణాలు, హల్లులు ప్రాణులు అని చెబితే పుస్తకాల్లో అలా రాస్తారు కాబోలనుకున్నాను. ఆ కుర్చీలో నమ్మాను. పోయిందనుకున్న ప్రాణం లేచొచ్చింది, ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తర్వాత ఇంట్లో ఏ మాట మొదట మాట్లాడాలా అని ఎంత ఆలోచించానో, పెళ్ళికి చీర కొన్నప్పుడు కూడా అంత ఆలోచించలేదు. మౌనంలో చిటికెలేసి పిలిచాను, చేతులతో తిట్టాను, చిన్నది నా కనుబొమలు చదవటం నేర్చుకుంది, వాళ్ళ నాన్నకి నా తరఫున కోపాలు చేరవేసేది, అమ్మ నిన్ను ఇప్పుడేమన్నదో చెప్పనా నాన్నా అని. కాబట్టి మొదటి పిలుపు దానిదే అనుకున్నాను. వంటింట్లో ఇద్దరూ ఉన్నప్పుడు, స్టవ్ కట్టేసి, దాన్ని ముద్దుపేరుతో పిలిచాను. అది నా మొహం చూసింది. తర్వాత నా గొంతు చూసింది. నువ్వు మాట్లాడమ్మా, అంది. నేను మాట్లాడేశాక. మా ఆయన కుళాయి తిప్పి ఏదో కడగటం మొదలుపెట్టాడు, అక్కడ కడగటానికేమీ లేదు. కాసేపటికి దాని గది గుమ్మంలోంచి చూస్తే చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది, పెదాలు కదులుతున్నాయి, బ-కెట్, బ-టన్, నేను ఇంటికి తెచ్చిన బి పదాలు. నా గొంతే వింటోంది. నన్ను వదిలి నన్నే వింటోంది. లోకంలో ఎవరికైనా సవతి బయట నుంచి వస్తుంది, నాకు నా గొంతులోంచే వచ్చింది. అసూయ అంటే ఏంటో నాకు అంతవరకూ తెలియదు, తెలిసింది, బాధేసింది, పిల్ల మీద కాదు, ఆ బకెట్ అన్నదాని మీద. ఆ రోజు నుంచీ చిన్నది నాతో బాగానే మాట్లాడుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, కానీ నేను మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడదు, మెడ వైపు చూస్తుంది, అక్కడ ఎవరో అద్దెకి దిగినట్టు.

మినిట్. మిరర్. ఇంకొంచెం పైకి చెల్లెమ్మా, ఇంకొంచెం. ఆయన తప్పేం లేదు, ఆయన ముందు తెరమీద రెండు గీతలుంటాయి, పైన పాత నేను, కింద కొత్త నేను, రెంటినీ కలపమని ఆయనకి పని చెప్పారు. కలపాలని ఆయనకెంతుందో నాకూ అంతే ఉంది. తొయ్యొద్దు అంది మాట కసరత్తు ఆవిడ, గొంతుని ఎప్పుడూ తొయ్యొద్దు, రాకపోతే వదిలెయ్యండి, వస్తుంది. వదిలేస్తే ఇంకో అమ్మాయి వస్తుంది, అది ఆవిడకేం తెలుసు. మార్నింగ్. రాసేది మార్నింగ్ అని, నోరు మాత్రం గుండ్రంగా చుట్టాలి, ఆ కీ ఓ కీ మధ్య ఎక్కడో, పొడుగ్గా, ఈ పదంలో పెద్దపీట దానిదే, దాన్ని పైకెత్తి నిలబెట్టాలి. పాతది ఎంత తేలిగ్గా నిలబెట్టేదో. తోశాను. ఆ పొడుగాటి అచ్చు నడిమధ్యలో గొంతు చిరిగింది. ఉన్నట్టుండి గాలి, వట్టి గాలి, ఆ మొదటిరోజు గాలి. నింగ్, అని వెనకాల సిలబుల్ ఒక్కటే ఒంటరిగా వచ్చి నిలబడింది, పెళ్ళివారు వెళ్ళిపోయాక వచ్చిన చుట్టంలా. అన్నయ్య పైకి అనలేదు, కిందకి అనలేదు, తోక అనలేదు. మైకు స్విచ్ తీసేసిన చిన్న చప్పుడు మాత్రం వినిపించింది.

అన్నయ్యా, ఆయన పక్కన కూర్చున్న మేడమూ మాట్లాడుకుంటున్నారు. అద్దం మందంది, ఒక్క శబ్దం ఇవతలికి రాదు. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది, అన్నయ్య తల గోక్కున్నాడు. అచ్చులన్నీ పెదాల మీద బయటపడతాయి, హల్లులు చాలావరకు లోపలే దాక్కుంటాయి, అద్దం ఇవతల ఇన్నేళ్ళు కూర్చుంటే ఎవరికైనా తెలుస్తుంది. మేడమ్ పెదాలు గుండ్రంగా అయ్యాయి. మళ్ళీ గుండ్రంగా అయ్యాయి. ఇంగ్లీషులో నో అన్నా గుండ్రమే, తెలుగులో పోయింది అన్నా గుండ్రమే, నాకు రెండూ ఒకటే. కాగితంలో తర్వాతి పదం చూశాను. మదర్. బాగుంది సంబడం. నీళ్ళ సీసా మూత తీసి గుక్క తాగాను, మూత ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను, అంటే నాకు ఇంత భయం ఉందన్నమాట, డాక్టరు కత్తి చూసినప్పుడు కూడా ఇంత లేదు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలి. మా ఆయన ఏమీ అడగడు, అడక్కపోవటమే ఆయన మంచితనం, నాకు మాత్రం అడిగితేనే బాగుంటుంది. రేపటి నుంచి ఏ పని చేస్తాను. నాకు మాట్లాడటం తప్ప ఏదీ రాదు, అదీ ఇంకొకళ్ళ మాటలు.

తలుపు తెరుచుకుంది. ఈ గది తలుపు బరువు, తోస్తే గాని కదలదు, మేడమ్ దాన్ని భుజంతో తోసుకుంటూ ఒక స్టూలు పట్టుకుని లోపలికొచ్చింది. ఆవిడ ఎప్పుడూ లోపలికి రాదు, ఒక మనిషి కోసం కట్టిన గది ఇది, ఇద్దరం కూర్చుంటే మోకాళ్ళు తగిలాయి. ఆవిడ చుట్టూ గోడలకున్న స్పంజి చూసింది.

"ఎవరి వెంటమ్మా అలా పరిగెడుతున్నావు?"

"పాత దాని వెంట."

"అది నీకంటే చిన్నది. ఎక్కడ దొరుకుతుంది?" అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వు కూడా ఇసుకగానే వచ్చింది. ఆవిడ మెడ సాచి అన్నయ్యకి చెయ్యూపింది, పాతది తీసెయ్యమని. చెవుల్లోంచి ఆ తేట గొంతు వెళ్ళిపోయింది, లెమన్ పోయింది, లగిజ్ పోయింది, నా హెడ్‌ఫోన్లలో నేనూ నా ఊపిరీ మిగిలాం. మిగతావి నీకు వచ్చినట్టు చదువు, పైకీ వద్దు కిందకీ వద్దు, తోకలొచ్చినా రానీ, అంది. కలవదు మేడమ్, అన్నాను. కలవకపోతే కలవదు, ముందు నేను నిన్ను వినాలి కదా, ఇంతసేపూ దాన్నే విన్నాను, అంది. ఇందులో అభయమేమీ లేదు. పని ఉందనీ చెప్పలేదు, పోయిందనీ చెప్పలేదు. అయినా ఆవిడ స్టూలు తీసుకుని వెళ్ళాక గదిలో గాలి కాస్త పెరిగినట్టనిపించింది.

మదర్. మ-దర్. ఇందులో రెండో సిలబుల్ బద్ధకపుది, దాని మీద బరువు వెయ్యకూడదు, మొదటిది పని చేస్తే రెండోది పక్కన కూర్చుంటుంది. తొయ్యలేదు. భుజాలు వదిలేశాను, కుర్చీలో కూలబడ్డ మనిషిలా కూర్చుని చెప్పాను. ఇసుక ఉంది, ఉండనీ. నీడిల్. నంబర్. నర్స్. విచిత్రం, ఇన్నేళ్ళూ బద్ధకాన్ని నటించాను, గొంతు నిండా బలం పెట్టుకుని బలం లేనట్టు చెప్పటానికి ఎంత కష్టపడేదాన్నో, ఇప్పుడా అవసరం లేదు, ఆ అచ్చు వచ్చే చోట నేను ముందే కూర్చుని ఉన్నాను. ఆఫీస్. ఆనియన్. ఓపెన్. పేపర్ దగ్గర కాగితం తిప్పాను, చప్పుడయింది, ఎవరూ ఏమీ అనలేదు. పార్సిల్, పార్-సిల్, ఈ పదం అనేవాడు ఒకడుంటాడు ఎక్కడో, గోడౌన్‌లో, పెట్టె దించి చెమట తుడుచుకుంటూ, అతనికి ఇది అతని గొంతుకి అందే ఎత్తులో ఉండాలి, అల్మరా పైఅరలో పెట్టకూడదు. ప్యాసింజర్. ప్యా-సిం-జర్. పేషెంట్. పే-షంట్. నేను అది పాతది ఇది కొత్తది అనుకోవటం మానేశాను, పదం వస్తోంది, పెదాల దగ్గర ఆగుతోంది, వెళుతోంది. పిల్లో. ప్లాస్టర్. ఒక పదం చివర గొంతు కాస్త గీసుకుంది, వదిలేశాను, మళ్ళీ అదే వచ్చింది, ఎక్కడికీ పోలేదు. చాలా రోజుల తర్వాత నాకు నా గొంతు మీద జాలి వెయ్యలేదు. కాగితం అయిపోయింది. తల ఎత్తితే అన్నయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, కన్సోలు మీద వేలైనా లేదు. ఒక్క తోకా రాలేదు చెల్లెమ్మా, అన్నాడు, తోక తగిలించటానికి ఓపికేదీ నీకు.

అవతలి గదిలోకి వెళ్ళాను. మేడమ్ రెండూ పక్కపక్కన వినిపించమంది, లెమన్ తర్వాత మదర్, లాడర్ తర్వాత నంబర్. కలవలేదు. చెవిటివాడికి కూడా తెలుస్తుంది, ఇద్దరు వేరు వేరు మనుషులు. నేను పర్సు తీసుకుని భుజానికి తగిలించుకున్నాను. కూర్చోమ్మా, అంది మేడమ్. మొదటి సగం నా దగ్గర చదువుకునేవాళ్ళకి వినిపించాను, ఒక లారీ డ్రైవరున్నాడు, క్లాసులో నోరు తెరవడు, ఏమయ్యా అంటే, ఆవిడ అంత బాగా చెబుతోంటే నేనెందుకు చెప్పి పాడుచెయ్యటం మేడమ్, అన్నాడు. నేను నవ్వేశాను అప్పుడు. ఇప్పుడు నువ్వు పార్సిల్ అన్నప్పుడు నాకే తెలియకుండా నా నోరు కూడా పార్సిల్ అంది. ఆ పాత గొంతు వింటే ఎంత బాగా చెప్పిందో అనిపిస్తుంది. ఇది వింటే నేనూ చెప్పగలననిపిస్తుంది. మొదటి సగం తీసేసి, ఎ నుంచి మళ్ళీ చెబుతావా?

తీసేసి, అన్న మాట దగ్గర నా కళ్ళు నిండాయి. సవతి పోతే సంబరపడాలి గానీ ఇదేం ఏడుపో. ఎంత కష్టపడి చెప్పిందో పాపం, తోక లేకుండా, ఒక్కో పదం ఎన్నేసిసార్లో. అది నన్ను పోషించింది, నా పిల్లని నిద్రపుచ్చింది, నేను దాన్ని ఇంతకాలం తిట్టుకుంటూ కూర్చున్నాను. డాక్టరు రోజుకి గంటే అన్నాడు మేడమ్, ఈ గొంతు కూడా ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు, అన్నాను, అబద్ధం ఎందుకు. గంటే చాలు, వాళ్ళు నా దగ్గరికొచ్చేది కూడా పని దిగాక ఆ గంటే, గంటలో వాళ్ళు నేర్చుకోవట్లా, అంది. అన్నయ్య అప్పుడే కొత్త ఫైలు తెరుస్తున్నాడు, ఆయనకి నా జవాబు ముందే తెలిసినట్టుంది. సరే, అన్నాను. ఒక్క సిలబుల్ కాదు, రెండు, స-రే, రెండూ సరిగ్గా వచ్చాయి. సంతోషం ఆపుకోలేక అన్నయ్యని ఫోనెక్కడుందని అడిగాను, నాది చార్జింగ్ లేక ఎప్పుడో ఆరిపోయింది. గోడకున్న పాత ఫోను చూపించాడు.

ఇంటికి కలిపాను. ఈ నంబరు ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తి ఏమీ మాట్లాడొద్దనీ, అవతలివాళ్ళు ఎవరో చెప్పేదాకా ఆగమనీ చిన్నదానికి వాళ్ళ నాన్న చెప్పాడు. ఎత్తింది. ఊపిరి వినిపిస్తోంది, పక్కన టీవీ వినిపిస్తోంది, మాట లేదు. నేను ఫలానా అని చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో తోచలేదు, అమ్మని అని చెబితే నమ్ముతుందా, ఎవరమ్మా అని అడిగితే ఏమనాలి. నోరు తెరిస్తే వచ్చిన గొంతు ఇదే, కిందకి దిగినదే, ఇసుక చేరినదే.

"హలో," అన్నాను.

"అమ్మా, గొంతు నొప్పెడుతోందా?" అంది చిన్నది.

నేనెవరో ఇంకా చెప్పనే లేదు.